పన్నెండు జట్లు తిరిగిన బదలీవాడు

మైక్ సిలింజర్ అనే పేరు మన పేటల్లో ఎవ్వరూ విని ఉండరు. కెనడాలో సస్కాచువాన్ అని చలి రాష్ట్రం ఒకటుంది, అక్కడి రెజైనా ఆయన ఊరు. పుట్టింది 1971లో. మంచుగడ్డ మీద హాకీ ఆడటం ఆయన బతుకుదెరువు. ఆ ఆటలో అన్నిటికన్నా పెద్ద పోటీ నేషనల్ హాకీ లీగ్. దాంట్లో ఆయన 1,049 మ్యాచ్‌లు ఆడి 240 గోల్స్ కొట్టాడు. ఇంతకంటే ఎక్కువ కొట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఒక లెక్కలో ఆయన్ను దాటినవాడు లేడు. ఆయన పన్నెండు జట్లకు ఆడాడు. అట్లాంటి రికార్డు కోసం ఎవరూ ఆశపడరు. ఒకరు వద్దంటే ఇంకొకరు రమ్మన్నారు, అంతే. పదిహేడేళ్లలో అట్ల పన్నెండు అంగీలు మార్చాడు.

నాకీ మనిషి సంగతి చెప్పింది మా మేనల్లుడు. వాడు అమెరికాలో కొలంబస్ అనే ఊళ్లో కంప్యూటర్ పని చేస్తడు. అక్కడి జట్టులో కోల్ సిలింజర్ అని ఒక పడుచు పిల్లగాడు ఆడుతున్నడనీ, వాళ్ల నాయిన కూడా అదే ఊరికి ఆడిపోయిండనీ చెప్తూ, "మామా, ఆ తండ్రి మన తాత లెక్కనే. బదలీవాడు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకొని నేను ఆయన కథంతా వెతికి చదివాను. ఆట తెలియకున్నా పర్వాలేదు, ఈ కథ మన గిర్నీల మనుషులకు బాగా అర్థమైతది అనిపించి రాస్తున్నాను.

ఆట గురించి రెండు ముక్కలు. మన దేశంలో ఇది ఎక్కువగా లడఖ్ పిల్లలకే అలవాటు. రెండు వందల అడుగుల పొడవు, ఎనభై ఐదు అడుగుల వెడల్పు మంచు పరిచిన నేల. కాళ్లకు ఇనుప అంచు బూట్లు. బంతి ఉండదు, మూడంగుళాల రబ్బరు బిళ్ల ఉంటుంది. అది ఎగిరెగిరి దుంకకుండా ఉండాలని ఆటకు ముందు దాన్ని కూడా గడ్డకట్టిస్తారు. ఒక్కో పక్క ఆరుగురు, అందులో ఒకడు గోలు కాసేవాడు. మిగతా ఐదుగురూ రెక్కలు కట్టుకున్నట్టు ఉరుకుతుంటారు కాబట్టి ఎవడికీ ఎక్కువసేపు ఊపిరి ఆగదు. నలభై ఐదు సెకండ్లు, మహా అయితే నిమిషం. అంతలో గట్టు దూకి బల్ల మీదికి వచ్చేస్తాడు, ఇంకొకడు దిగుతాడు. ఆ నలభై ఐదు సెకండ్లను వాళ్లు ఏమంటారో తెలుసా? షిఫ్ట్ అంటారు. మనం పాళీ అనేదాన్నే. మన పాళీ ఎనిమిది గంటలు, వాళ్ల పాళీ నిమిషం లోపు. పేరు మాత్రం ఒకటే.

సిలింజర్ లాంటి ఆటగాణ్ణి ఇంగ్లీషులో జర్నీమ్యాన్ అంటారు. జర్నీ అంటే ప్రయాణం కదా, ఊళ్లు తిరుగుతాడు కాబట్టి ఆ పేరొచ్చింది అని నేనూ అనుకున్నాను. కాదట. ఫ్రెంచి భాషలో జుర్నే అంటే ఒక దినం, ఒక రోజు పని. పాతకాలంలో యూరప్‌లో నేతపని, వడ్రంగం, అచ్చుపని నేర్చుకొని శిష్యరికం ముగించి, సొంత కొట్టు పెట్టుకునే శక్తి లేక ఏ యజమాని దగ్గరైనా రోజు లెక్కన పనిచేసేవాణ్ణి ఆ మాటతో పిలిచేవారు. పని వచ్చినవాడే, చేతిలో విద్య ఉన్నవాడే, కానీ జాగా తనది కాదు. నేతగాళ్ల ఇండ్లలో పుట్టినవాళ్లం, ఈ మాటకు అర్థం మనకు ఒకరు చెప్పాలా?

ఈ కాలం పిల్లల కోసం బదలీ అంటే ఏమిటో చెప్తాను. మా నాయిన షోలాపూర్‌లో ఒక గిర్నీలో బదలీ కార్మికుడు. పొద్దున మొదటి భోంగా మోగకముందే గేటు ముందు నిలబడాలి. పర్మినెంటు మనిషి ఎవడన్నా రాకపోతే, జాబర్ చూపు తన మీద పడితే ఆ రోజు సాంచా దొరుకుతుంది. పడకపోతే అన్నం గిన్నె మూత తియ్యకుండా ఇంటికి తెచ్చుకోవాలి. ఇయ్యాల ఒక ఖాతాలో, రేపు ఇంకో ఖాతాలో. ఎవరి సాంచా ఎట్ల గొణుగుతుందో, ఏ దారం ఎక్కడ తెగుతుందో అన్నీ తెలిసి ఉండాలి. ఎందుకంటే బదలీవాడికి నేర్చుకునే టైం ఇయ్యరు. ఏడాదిలో 240 రోజుల పని పూర్తయితే బదలీగా చూడకూడదని చట్టంలో ఉంది. మా నాయినకు ఆ లెక్క దగ్గరపడ్డప్పుడల్లా ఏదో ఒక సాకుతో గేటు మూసుకునేది. అమ్మ గోడ మీద బొగ్గుతో రోజులు గీసేది. ఆ గీతలు 240 దాటిన ఏడాది నాకు గుర్తు లేదు.

ఇక సిలింజర్ కథ. అక్కడ కొత్త పిల్లలను జట్లు వంతులవారీగా ఏరుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. పిల్లగాడికి ఇష్టమా కాదా అనేది లేదు, ఎవరు ఏరుకుంటే వాళ్లకే ఆడాలి. 1989లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ తన మొదటి వంతులోనే, మొత్తం మీద పదకొండోవాడిగా సిలింజర్‌ను తీసుకుంది. పద్దెనిమిదేళ్లు నిండబోతున్న పిల్లగాడికి అంతకన్నా ఏం కావాలి! ఇక్కడే విధి కాదు, లెక్క అడ్డమొచ్చింది. అదే ఏడాది, అదే జట్టు, మూడో వంతులో 53వ వాడిగా స్వీడన్ పిల్లగాడు నిక్లాస్ లిడ్‌స్ట్రామ్‌ను తీసుకుంది. నాలుగో వంతులో 74వ వాడిగా రష్యా నుంచి సెర్గేయ్ ఫెదొరొవ్‌ను తీసుకుంది. లిడ్‌స్ట్రామ్ ఇరవై సీజన్లు, 1,564 మ్యాచ్‌లు ఒక్క డెట్రాయిట్‌కే ఆడి, ఒక్క అంగీతోనే రిటైరయ్యాడు. అందరికన్నా ముందు ఏరుకున్నవాడు పన్నెండు ఊళ్లు తిరిగాడు.

సిలింజర్‌కు ఆట రాక కాదు. ఆయనది మధ్య స్థానం, సెంటర్ అంటారు. డెట్రాయిట్‌లో ఆ జాగాలో అప్పటికే కెప్టెన్ స్టీవ్ ఐజర్‌మన్ ఉన్నాడు. పక్కన ఫెదొరొవ్ వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ ఆ కాలంలో ప్రపంచంలోనే పేరున్నవాళ్లు. పర్మినెంటు వాళ్లిద్దరూ రోజూ పనికి వస్తుంటే బదలీవాడికి సాంచా ఎక్కడిది? అందుకని ఆయన్ను అడిరోన్‌డాక్ అనే కింది జట్టుకు పంపారు. అక్కడ చాలామంది పిల్లగాళ్ల ఒప్పందంలో రెండు పగార్లు రాసి ఉంటాయి. పై జట్టులో ఆడిన రోజుకు ఒకటి, కింది జట్టులో ఆడిన రోజుకు ఇంకొకటి. మధ్య తేడా చాలా పెద్దది. పైన ఎవడికన్నా దెబ్బ తగిలితే ఫోను వస్తుంది, బట్టల సంచి భుజాన వేసుకొని విమానం ఎక్కాలి. వాడికి నయం కాగానే మళ్లీ కిందికి. ఒకడి కాలు విరిగితేనే ఇంకొకడి పొయ్యి వెలిగే ఏర్పాటు. మన జాబర్లు చూస్తే సంతోషపడేవారు.

1995 ఏప్రిల్‌లో మొదటి ట్రేడ్. ట్రేడ్ అంటే బదిలీ అని తర్జుమా చేస్తే సగం అర్థమే వస్తుంది. గవర్నమెంటు నౌకరీలో బదిలీ వేరు. ఇక్కడ జట్టు యజమాని ఒక మనిషిని ఇచ్చి ఇంకో మనిషిని తీసుకుంటాడు. ఒక్కోసారి మనిషికి మనిషి కూడా కాదు, రేపటి డ్రాఫ్ట్‌లో ఒక వంతు ఇస్తే చాలు. సిలింజర్‌ను డెట్రాయిట్ నుంచి అనాహైమ్‌కు పంపారు. ఏడాది తిరగకముందే, 1996 మార్చిలో వాంకూవర్‌కు. 1998 ఫిబ్రవరిలో ఐదో వంతు డ్రాఫ్ట్ కోసం ఫిలడెల్ఫియాకు. అదే ఏడాది డిసెంబర్‌లో టాంపాకు. 2000 మార్చిలో అదే రాష్ట్రంలోని ఫ్లోరిడా పాంథర్స్‌కు. 2001 మార్చిలో ఆటవా. ఈ ఆటవా ట్రేడ్‌లో ఫ్లోరిడాకు ఆ రోజు ఏమీ ముట్టలేదు, "తర్వాత ఆలోచిద్దాం" అనే కాగితం మీదనే మనిషిని పంపేశారు. నిజంగా ఆ షరతుకు అదే పేరు.

మార్చి నెలలు ఎన్ని వచ్చాయో చూడండి. సీజన్ చివర్లో ట్రేడ్‌లకు ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ దినం ఆటగాళ్లు ఫోను పక్కన పెట్టుకొని కూర్చుంటారు. మార్చి అంటే పిల్లల బడి మధ్యలో ఉన్న నెల. ఇల్లు ఖాళీ చేసేదీ, గిన్నెలు సర్దేదీ, కొత్త ఊళ్లో బడి వెతికేదీ భార్య. షోలాపూర్ గిర్నీలు మూసుకున్నప్పుడు మన కుటుంబాలు భివండి, ఇచల్‌కరంజి, సూరత్ పోయిన సంగతి మీకు గుర్తుంది కదా? మగవాడు ముందు పోయి సాంచా పట్టుకున్నాడు. వెనక ఆడవాళ్లు రేషన్ కార్డు, పిల్లల దాఖలాలు, అత్తమామల మందులు అన్నీ మూట కట్టుకొని పోయారు. ఊరు మారినప్పుడు బరువు ఎవరి నెత్తిన పడుతుందో అక్కడా ఇక్కడా ఒకటే.

2001 వేసవిలో మాత్రం ఆయన తన ఇష్టంతో కొలంబస్‌కు సంతకం పెట్టాడు. ఒప్పందం తీరినవాడు తానే బేరం చేసుకోవచ్చు. కొలంబస్ అప్పటికి ఏడాది కిందనే పుట్టిన కొత్త జట్టు, అక్కడ ఆయనకు పని కుదిరింది. రెండు సీజన్లు నిలిచాడు. 2003 మేలో అక్కడే ఆయనకు కొడుకు పుట్టాడు, అతనే కోల్. జులై 22న కొలంబస్ ఆయన్ను డాలస్‌కు ఇచ్చింది. అదే దినం డాలస్ ఆయన్ను ఫీనిక్స్‌కు ఇచ్చింది. ఒక్క రోజులో రెండు ఊళ్లు. డాలస్ అంగీ ఒంటి మీద పడనేలేదు. ఇంట్లో రెండు నెలల పసిబిడ్డ. నేను దీన్ని చదివి ఒకసారి ఆగిపోయాను. మా నాయినను జాబర్ పొద్దున నేత ఖాతాకు పిలిచి, లోపలికి పోయినంక "నువ్వు గాదు, అటు వడుకు ఖాతాకు పో" అని ఉరికించిన దినాలు ఉన్నాయి. కానీ సాయంత్రానికి ఆయన మా ఇంటికే వచ్చేవాడు.

ఫీనిక్స్‌లో తొమ్మిది నెలలు కూడా నిండలేదు, 2004 మార్చిలో సెయింట్ లూయిస్ పంపారు. మరి ఇన్ని చోట్ల వద్దనిపించుకున్నవాణ్ణి ప్రతిసారీ ఇంకొకరు ఎందుకు రమ్మన్నారు? నా లెక్కలో అసలు సంగతి ఇదే. సిలింజర్‌కు ఎవరికీ నచ్చని పనులు బాగా వచ్చు. ఆట మొదలయ్యేటప్పుడు ఇద్దరు ఎదురెదురుగా వంగి నిలబడితే పంచుడు మధ్యలో రబ్బరు బిళ్ల పడేస్తాడు. దాన్ని తన వైపు లాక్కోవడం పెద్ద విద్య, అందులో ఆయన ఘనుడు. తన జట్టువాడు తప్పు చేసి బయట కూర్చుంటే నలుగురే ఐదుగురితో తలపడాలి. ఆ రెండు నిమిషాలు దెబ్బలు కాచుకుంటూ, ఒంటికి బిళ్ల తగిలినా సరే అడ్డంగా పడుకుంటూ గడపాలి. ఆ పనికి ఆయన్నే దింపేవారు. గోలు కొట్టినవాడి బొమ్మ పేపర్లో పడుతుంది, గోలు పడకుండా కాచినవాడి బొమ్మ పడదు. ఏ కొత్త ఊరికి పోయినా మొదటి రోజే పనికొచ్చేవాడు అంటే అదీ. బదలీవాడికి ఉండాల్సిన గుణం.

అట్లని ఆయన్ను చూసి కన్నీళ్లు పెట్టుకోవాల్సిన పని లేదు. డబ్బు సంగతి దాచకుండా చెప్పుకోవాలి. 2005లో ఆ లీగ్‌లో అందరికన్నా తక్కువ పగారు ఏడాదికి నాలుగున్నర లక్షల డాలర్లు, అప్పటి రేటున మన రూపాయల్లో రెండు కోట్ల దాకా. మా నాయిన ఏడు జన్మలు బదలీ చేసినా ముట్టేది కాదు. ఆకలి పోలిక ఇక్కడ కుదరదు. కుదిరే పోలిక ఒకటే, ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉంది అనేది.

ఆ హక్కు కోసం కొట్లాడినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు ఏమైందో చెప్పాలి. 1957లో డెట్రాయిట్ జట్టు టెడ్ లిండ్సే ఆటగాళ్ల సంఘం పెట్టడానికి నడుం కట్టాడు. అప్పుడు లీగ్‌లో ఆరే జట్లు. పింఛను లెక్కలు చూపించండి అనేది వాళ్లు అడిగినవాటిలో ఒకటి. ఆ సీజన్‌లో పాయింట్లలో లిండ్సే లీగ్ మొత్తం మీద రెండోవాడు, అంటే ఆటలో వంక పెట్టడానికి లేదు. అయినా ఆ వేసవిలోనే ఆయన్ను తీసుకుపోయి అప్పట్లో అడుగున పడి ఉన్న షికాగో జట్టుకు ఇచ్చేశారు. వచ్చే ఏడాదికల్లా సంఘం చెదిరిపోయింది. యూనియన్ చందా పుస్తకం పట్టుకున్నవాణ్ణి రాత్రి పాళీకి వేసే పద్ధతి మన దగ్గరే పుట్టిందని అనుకునేవాణ్ణి. సంఘం మళ్లీ నిలబడటానికి పదేళ్లు పట్టింది, 1967 వచ్చింది. దాన్ని నడిపిన వకీలు అలన్ ఈగల్‌సన్ తర్వాత మోసం కేసులో నేరం ఒప్పుకొని జైలుకు పోయాడు, అది వేరే కథ, దానికి ఇంకో నెల కావాలి. పింఛను మాత్రం ముసలివాళ్లే తెచ్చుకున్నారు. కార్ల్ బ్రూవర్ అనే పాత ఆటగాడు, ఆయన తోటివాళ్లు కొందరు కలిసి, మా పింఛను నిధిలో మిగులు సొమ్ము మాకే చెందాలి అని కోర్టుకెక్కారు. 1992లో ఒంటారియో కోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. లీగ్ పైకోర్టుల దాకా పోయినా నిలవలేదు. పి.ఎఫ్. ఆఫీసు మెట్లు ఎక్కి దిగిన మన పెద్దలకు ఈ ముచ్చట నేను కొత్తగా వివరించాల్సింది లేదు.

సిలింజర్ సెయింట్ లూయిస్ చేరిన ఆరు నెలలకు, 2004 సెప్టెంబర్‌లో యజమానులు తాళం వేశారు. సమ్మె కాదు, లాకౌట్. పగార్ల మీద హద్దు ఒప్పుకుంటేనే ఆట అన్నారు. ఆటగాళ్లు ఒప్పుకోలేదు. ఒక సీజన్ మొత్తం, 1,230 మ్యాచ్‌లు, ఒక్కటి కూడా జరగలేదు. 310 రోజులకు తాళం తీశారు. చివరికి ఆటగాళ్లు హద్దుకూ ఒప్పుకున్నారు, ఉన్న పగారులో నూటికి ఇరవై నాలుగు వంతులు వదులుకోవడానికీ ఒప్పుకున్నారు. మన ముంబైలో 1982 జనవరి 18న దత్తా సామంత్ వెనక దగ్గర దగ్గర రెండున్నర లక్షలమంది గిర్నీల నుంచి బయటికి వచ్చారు. అందులో మనవాళ్లు ఎందరో. ఆ సమ్మె ముగిసిందని ఈ రోజు దాకా ఎవరూ అధికారికంగా చెప్పలేదు. అక్కడ తాళం తీసినంక ఆట ఉంది. ఇక్కడ గేటు తెరిచేసరికి చాలా గిర్నీలే లేవు.

విచిత్రం ఏమిటంటే సిలింజర్ బతుకులో అన్నిటికన్నా మంచి ఏడాది ఆ లాకౌట్ తర్వాతదే. 2005–06లో సెయింట్ లూయిస్ లీగ్ మొత్తంలో ఆఖరున నిలిచిన జట్టు. ఆ మునిగే పడవలో ఆయన 22 గోల్స్ కొట్టాడు. జనవరి చివర నాష్‌విల్‌కు పంపేశారు, అక్కడ ఇంకో పది. ముప్పై నాలుగేళ్ల వయసులో 32 గోల్స్, అదే ఆయన ఎక్కువలో ఎక్కువ. ఆ వేసవిలో న్యూయార్క్ ఐలాండర్స్ మూడేళ్ల ఒప్పందం ఇచ్చింది. పన్నెండో జట్టు. మొదటి ఏడాది 82 మ్యాచ్‌లకు 82 ఆడి 26 గోల్స్ కొట్టాడు. మరుసటి సీజన్‌లో వెయ్యో మ్యాచ్ ఆడాడు. అప్పటికి తుంటి ఎముక కీలు అరిగిపోయింది. ఆపరేషన్ చేయించుకొని మళ్లీ దిగాడు, ఏడు మ్యాచ్‌లకే ఆగిపోయింది. 2009లో ఆట మానేశాడు. పాళీ నిలబడీ నిలబడీ మోకాళ్లు పోయిన మన నేతగాళ్లలాగే, ఆ ఆటలో ముందు పోయేది తుంటి.

లీగ్ గెలిచిన జట్టుకు స్టాన్లీ కప్ ఇస్తారు. సిలింజర్‌కు అది అందలేదు. డెట్రాయిట్ ఆయన్ను పంపిన రెండేళ్లకు, 1997లో కప్ ఎత్తింది, మరుసటి ఏడాది మళ్లీ. టాంపా 2004లో ఎత్తింది. అనాహైమ్ 2007లో. ఆయన వదిలిపోయిన మగ్గాల మీద చీరలు తర్వాత తెగాయి.

ఆట మానినంక ఎడ్మంటన్ జట్టు ఆయనకు ఒక పని ఇచ్చింది. కొత్తగా ఏరుకున్న పిల్లగాళ్లను, ఇంకా చిన్న ఊళ్లలో, కింది జట్లలో ఉన్నవాళ్లను చూసుకునే పని. ఫోను ఎప్పుడొస్తుందా అని కూర్చున్న పిల్లగాడితో ఏం మాట్లాడాలో ఆయనకన్నా ఎక్కువ తెలిసినవాడు ఉంటాడా?

2021 డ్రాఫ్ట్‌లో కొలంబస్ తన వంతు వచ్చినప్పుడు పన్నెండోవాడిగా కోల్ సిలింజర్‌ను ఏరుకుంది. తండ్రి పదకొండు, కొడుకు పన్నెండు. ఏ ఊళ్లో పుట్టి, తెలివి రాకముందే ఏ ఊరు విడిచాడో అదే ఊరికి పద్దెనిమిదేళ్ల వయసులో తిరిగి వచ్చాడు. కింది జట్టుకు పోకుండా మొదటి ఏడాదే పై జట్టులో నిలిచి 16 గోల్స్ కొట్టాడు. మా మేనల్లుడు టికెట్టు కొనుక్కొని పోయి చూశాడట. ఆట ఏమర్థమైందిరా అంటే, "ఏం లేదు మామా, ఆ పిల్లగాడు ఇంటి కిరాయి కడుతున్నడా, కొన్నడా అని ఆలోచించిన" అన్నాడు.